క్రిస్మసు సెలవులలో పుట్టింటి ప్రయాణము

డిసెంబరు నెల మూడవ వారము వచ్చునప్పటికి మన పాఠశాలలో పాఠము చెప్పుట కష్టము. వినుట అంతకంటె కష్టము. నేను నల్లబల్లమీద కృష్ణానది ఉపనదుల పేర్లు వ్రాయుచుండగా వెనుక బల్లలమీది పిల్లలు సెలవుదినములను వ్రేళ్లమీద లెక్కించుచుందురు. ఇతర పాఠశాలలకు సంక్రాంతి సెలవు లెట్లో, మిషను పాఠశాలలకు క్రిస్మసు సెలవు లట్లు. ఉపాధ్యాయులును ఆ దినములను లెక్కించుచుందురని విద్యార్థులెరుగరు. మా వ్రేళ్లు పుస్తకముల చాటున నుండుటచే వారికి కానరావు, అంతియే.

సెలవులు విశ్రాంతికొరకని కొందరందురు. నాకట్లు తోచదు. మొదటి క్రిస్మసు దినములలో యోసేపు మరియమ్మలు చేసినది విశ్రాంతి కాదు, ప్రయాణము. అదియును పితరుల యూరికి చేసిన ప్రయాణము. ఆ పండుగను ఆచరించు మనము ఆ దినములలో అయినవారియొద్దకు పోవుట తగియున్నది. ఇరువది సంవత్సరములకు పైగా నేను బందరునుండి డోర్నకల్లునకు ఆ ప్రయాణము చేయుచున్నాను. దానివలన నేను నేర్చుకొనినది పాఠ్యపుస్తకములలో లేదు గనుక ఈ సంచికలో వ్రాయుచున్నాను.

బందరు సముద్రమువలన వృద్ధినొంది, సముద్రమువలననే కష్టములు పడిన పట్టణము. డచ్చివారు, ఆంగ్లేయులు, ఫ్రెంచివారు ఇక్కడ వర్తకము చేసిరి. రాబర్టు నోబుల్ దొరగారు 1843వ సంవత్సరమున ఇచ్చట పాఠశాలను స్థాపించిరి. 1864వ సంవత్సరము నవంబరు 1వ తేదీ రాత్రి వచ్చిన ఉప్పెనలో పట్టణమునను చుట్టుప్రక్కలను సుమారు 30,000 మంది మరణించిరి. ఆ మరుసటి సంవత్సరమే నోబుల్ దొరగారును ఇక్కడనే కన్నుమూసిరి. నేడు పట్టణమునుండి 11 కిలోమీటర్లు పోయినగాని మంగినపూడి ఒడ్డు కానరాదు. అచ్చట ఇసుకకంటె నల్లని బంకమన్ను విశేషము. అయినను సముద్రము మా యిండ్లలోనే యున్నది. కిటికీ చువ్వలు త్రుప్పు పట్టును. ఉప్పుజాడీ మూత తీయగనే ఉప్పు నీరుగారును. వాయుగుండమను మాట వినబడిన దినమున ఇరుగుపొరుగు స్త్రీలు బియ్యపు బస్తాలను మంచములమీదికి చేర్తురు.

ప్రయాణమునకు రెండు దినములు ముందుగా మూటలు కట్టుట ఆరంభమగును. బందరు లడ్డు లేక పుట్టింటికి పోవుట మర్యాద కాదు. శనగపిండితో చేసిన దూసను దంచి, జల్లించి, బెల్లపు పాకములో కలిపి మరల దంచుదురు గనుక దానికి తొక్కుడు లడ్డు అని పేరు. పిల్లలకు హల్వా. పెద్దలకు పెడన అద్దకపు దుప్పటి యొకటి. వీనియన్నిటికంటె ముఖ్యమైన మూట వేరొకటి కలదు: ఎండు నెత్తళ్లు, రొయ్యపప్పు. దానిని ఎన్ని పొరల గుడ్డలో చుట్టి, ఎంత గట్టి డబ్బాలో పెట్టినను గుడివాడ చేరకమునుపే ఆ పెట్టెలోని వారందరికి దాని సంగతి తెలియును. ఒకసారి ఎదుట కూర్చున్న పెద్దమనిషి యొకరు ముక్కునకు చేతిరుమాలు అడ్డము పెట్టుకొని, "ఎవరి కొరకమ్మా ఇంత శ్రమ?" అని యడిగిరి. "మా అమ్మ కొరకండీ" అంటిని. ఆయన చేతిరుమాలు తీసి జేబులో పెట్టుకొని, తమ తల్లికి ఇష్టమైన కూరలను గూర్చి విజయవాడ వరకు చెప్పుచు వచ్చిరి.

బందరునుండి బెజవాడకు రైలుదారి 1908వ సంవత్సరమున ఏర్పడినది. పెడన, కవుతరము, గుడ్లవల్లేరు, గుడివాడ, ఉప్పులూరు మీదుగా సుమారు 80 కిలోమీటర్లు. డిసెంబరులో ఆ దారి చూడదగినది. కోసిన వరి కుప్పలై నిలిచియుండును. కోతకు ముందు తడినేలలో చల్లిన మినుము కొయ్యకాళ్ల నడుమ రెండాకులు తొడిగి పచ్చగా కనబడును. కాలువల నీళ్లు విజయవాడ యొద్దనుండి సముద్రమువైపునకు పారుచుండగా మేము ఆ నీటికి ఎదురుగా పోవుచుందుము. 1855వ సంవత్సరమున కృష్ణకు కట్టిన ఆనకట్టయు, దాని స్థానమున 1957లో ఏర్పడిన ప్రకాశము బ్యారేజియు లేనిచో ఈ పచ్చదనము లేదని నా పిల్లలకు ప్రతి సంవత్సరమును చెప్పుదును. వారు కిటికీలోనుండి కొంగలను చూచుచు ప్రతి సంవత్సరమును విననట్లుందురు.

విజయవాడలో బండి మారవలెను. పండుగ దినములలో ఆ వంతెనమీద మూటలతో, పిల్లలతో ఒక వేదికనుండి మరియొక వేదికకు చేరుట చిన్న పని కాదు. సికింద్రాబాదు వైపు పోవు బండి యెక్కి కూర్చుండిన తరువాత దేశము మారును. తాటిచెట్లు, కాలువగట్లు వెనుకబడును. పొనికి కర్రతో బొమ్మలు చేయు కొండపల్లి వచ్చును. దాని వెనుక కొండలు, ఆ కొండలమీద పాత దుర్గము. కొండపల్లి దాటిన కొంతసేపటికి, ఎర్రుపాలెమునకు ముందు, బండి ఒక సరిహద్దును దాటును. ఒకప్పుడు అది చెన్నపురి రాజధానికిని నిజాము రాజ్యమునకును నడిమి యెల్ల. 1956వ సంవత్సరము నవంబరు 1వ తేదీన ఇరువైపుల తెలుగు నేల ఒకే రాష్ట్రమైనది. 2014వ సంవత్సరము జూను 2వ తేదీనుండి మరల రెండు రాష్ట్రములు. బండిలో కూర్చున్నవారికి ఆ యెల్ల కానరాదు. కిటికీ ప్రక్క నేల మాత్రము నల్లనిది ఎర్రనిదగును. వరి పోయి ప్రత్తి, మిరప వచ్చును. మధిర, మున్నేటి యొడ్డున నున్న ఖమ్మము దాటి డోర్నకల్లు చేరుదుము. సింగరేణి బొగ్గుగనుల వైపు పోవు రైలుదారి ఇచ్చటనే చీలును.

డోర్నకల్లు పేరు తెలుగు క్రైస్తవులలో తెలియనివారు అరుదు. వేదనాయకము సామ్యూలు అజరయ్యగారు తిరునల్వేలి సీమలో 1874వ సంవత్సరమున జన్మించి, 1909వ సంవత్సరమున ఈ యూరికి వచ్చి, తమది కాని తెలుగును నేర్చి, పల్లెపల్లెకు తిరిగి బోధించిరి. 1912వ సంవత్సరము డిసెంబరు 29వ తేదీన కలకత్తాలో బిషప్పుగా అభిషిక్తులైరి. ఆంగ్లికను సంఘములో ఆ పదవి నొందిన మొదటి భారతీయులు వారే. వారు కట్టించిన దేవాలయము 1939వ సంవత్సరము జనవరి 6వ తేదీన ప్రతిష్ఠింపబడినది. దానిని చూచినవారికి గుమ్మటములు మసీదును, రాతి స్తంభములు గుడి మండపమును జ్ఞప్తికి తెచ్చును. లోపల ఆరాధన క్రీస్తుది. 1945వ సంవత్సరము జనవరి 1వ తేదీన వారు ఈ యూరనే నిద్రించిరి. పుట్టిన యూరు విడిచి పరుల యూరిని తమదిగా చేసికొనుట ఎంత కష్టమో ఆ దేవాలయమును చూచినప్పుడెల్ల నేను తలంతును. మా యింటిలోనే ఆ కష్టమును పడినవారొకరున్నారు. ఆమె మా తల్లి.

మా తల్లి పుట్టినది దివిసీమలో, కృష్ణ సముద్రమున కలియు తావునకు సమీపముననున్న ఒక పల్లెలో. సంఘములోని పరిచయమువలన కుదిరిన సంబంధము. 1976వ సంవత్సరమున పందొమ్మిదియేండ్ల వయస్సున డోర్నకల్లునకు కాపురమునకు వచ్చినది. మా తండ్రిగారు రైలుశాఖలో చిన్న యుద్యోగి. ఆ సంవత్సరము క్రిస్మసునకు దంపతులిద్దరును దివిసీమకు పోయి వారము దినములుండి వచ్చిరి. మరుసటి సంవత్సరము పోవుటకు సెలవు కూడ వ్రాసి యుంచిరట. 1977వ సంవత్సరము నవంబరు 19వ తేదీ, శనివారము, ఉప్పెన దివిసీమను ముంచినది. పదివేలమందికి తక్కువగాక మరణించిరి. మా తండ్రిగారు అవనిగడ్డ వరకు ఎట్లో చేరి, అక్కడనుండి బురదలో నడచి ఆ పల్లెకు పోయిరి. పదియవ దినమున తిరిగి వచ్చిరి. తాత, అమ్మమ్మ, ఇద్దరు మేనమామలు లేరు. ఇల్లు నిలిచిన చోటును గుర్తుపట్టుటకైనను ఏమియు మిగులలేదు. ఆ క్రిస్మసునకు మా తల్లి పెట్టె సర్దలేదు. ఆ తరువాత ఏ క్రిస్మసునకును సర్దలేదు. తెలుగింట ఆడుబిడ్డకు పుట్టిల్లు లేకపోవుట యెట్టిదో వేరుగ వ్రాయనక్కరలేదు. ఎండుచేపల కోరిక ఆమె నోట ఎన్నడును రాలేదు. నేను బందరులో ఉద్యోగములో చేరి మొదటి మూట తెచ్చిన దినమున, డబ్బా మూత తీసి, వాసన చూచి, చాలసేపు మూత పెట్టలేదు. అప్పుడు నాకు తెలిసినది.

నేను ఉపాధ్యాయ శిక్షణ ముగించి 2004వ సంవత్సరము జూనులో బందరునకు వచ్చితిని. ఉద్యోగపు ఉత్తరువు చదివి వినిపించినప్పుడు మా తండ్రిగారు మా తల్లి ముఖము వంక చూచిరి. ఆమె, "బడి మంచిదేనా?" అని మాత్రమే యడిగినది. ఆ డిసెంబరులో మొదటిసారి సెలవులకు ఇంటికి వచ్చితిని. పండుగ మరునాడు, డిసెంబరు 26వ తేదీ, ఆదివారము. మేము ఆరాధనకు సిద్ధమగుచుండగా పొరుగువారు వచ్చి టెలివిజను పెట్టుమనిరి. సుమత్రా యొద్ద పుట్టిన భూకంపమువలన లేచిన సునామీ అలలు మన తీరమును తాకినవి. ఆనాడు పూర్ణిమ, సముద్రస్నానములకై జనులు ఒడ్డులకు పోయియుండిరి. ఆంధ్రతీరమున నూరుమందికి పైగా మరణించిరి. కృష్ణాజిల్లాలోను ప్రాణములు పోయినవి. నా గది పట్టణము నడుమ నున్నది గనుక నేనచ్చట నుండినను నాకు హాని కలిగెడిది కాదు. మా తల్లికి ఆ లెక్క చెప్పితిని. ఆమె విన్నదో లేదో తెలియదు. నా చేయి పట్టుకొని ఆరాధన ముగియువరకు విడువలేదు.

బడి తెరచు దినము సమీపించినది. ఇక బందరునకు పోవలదందురేమో యని నేనును, మా తమ్ముడును అనుకొంటిమి. మా తల్లి తెల్లవారుజామున లేచి పులిహోర కలిపి, నా పెట్టె తానే సర్దినది. ఆమె మాటలను ఆమె పలికినట్లే వ్రాయుచున్నాను: "బడి తెరిచే రోజుకు బడిలో ఉండాలి. పిల్లలు కనిపెట్టుకొని ఉంటారు. క్రిస్మసుకు మాత్రం రా." నా ఉద్యోగపు జీవితములో నాకు దొరికిన ఉత్తరువులలో ఇంత స్పష్టమైనది మరియొకటి లేదు. ఆనాటినుండి నేటివరకు ఏ క్రిస్మసును తప్పలేదు. వివాహమైన తరువాత భర్తతోను, పిల్లలు పుట్టిన తరువాత వారితోను పోవుచునే యున్నాను.

నేను గుమ్మములో అడుగు పెట్టగనే ఆమె మొదట పిల్లలను ముద్దాడును, తరువాత సముద్రమును గూర్చి యడుగును. పడమటి ఊరిలో నున్న బంధువుల క్షేమమును అడిగినట్లే యడుగును. ఈశాన్యపు గాలి తగ్గినదా? పండుగప్పలు పడుచున్నవా? ఒడ్డున తాటితోపులు నిలిచియున్నవా? నేను చెప్పగలిగినవి చెప్పుదును. 1977 తరువాత తీరపు గ్రామములలో తుపాను రక్షణ గృహములు కట్టిరనియు, ఇప్పుడు ఉపగ్రహములవలనను రాడారువలనను తుపాను రాకను కొన్ని దినములు ముందుగనే తెలిసికొని జనులను తరలింతురనియు చెప్పుదును. 2023వ సంవత్సరము డిసెంబరు 5వ తేదీన మిచౌంగ్ తుపాను బాపట్ల సమీపమున తీరము దాటిన దినమున ఆమె తెల్లవార్లు గంటకొకసారి ఫోను చేసినది. ఆ క్రిస్మసునకు పోయినప్పుడు, "ముందుగా చెప్పారు, అందరూ లేచిపోయారు" అని తనలో తాననుకొనినట్లు అన్నది. తరువాత, "ఆనాడు చెప్పినవాళ్లు లేరు" అన్నది. పాఠశాలలో వాతావరణమును గూర్చి చెప్పునప్పుడెల్ల నాకు ఆ రెండు వాక్యములే వినబడును.

మా తండ్రిగారు ప్రభువునందు నిద్రించి నాలుగేండ్లయినది. మా తమ్ముడు హైదరాబాదులో కాపురమున్నాడు. డోర్నకల్లులోని పెంకుటింటిలో మా తల్లి యొక్కతెయే. మోకాళ్ల నొప్పులు, వానకాలములో రెండుచోట్ల కురియు ఇల్లు. నిరుటి క్రిస్మసునకు మేమిద్దరమును ఒకమాట అనుకొని పోతిమి. ఇల్లు అమ్మివేయుట, ఆమె ఆరు మాసములు తమ్ముని యొద్దను, ఆరు మాసములు నా యొద్దను ఉండుట. కొనుటకు మనిషి కూడ సిద్ధముగానుండెను. పండుగ భోజనమైన తరువాత తమ్ముడు మాట ప్రారంభించినాడు. సముద్రమును చూచి భయపడునేమో యని నేను, "మా యిల్లు ఊరి నడుమ నున్నదమ్మా, ఒడ్డునకు దూరము" అంటిని.

ఆమె పళ్లెములు ఒకదానిమీద నొకటి పేర్చుచు విన్నది. భయమును గూర్చి ఒక్కమాట అనలేదు. "నేను కూడా నీ దగ్గరికే వచ్చేస్తే, సెలవులకు నీవు ఎవరింటికి పోతావే?" అన్నది. మేము మాటలాడలేదు. "పుట్టిల్లు లేకుండా యాభై యేండ్ల నాడు మొదలుపెట్టాను. అది ఎట్లా ఉంటుందో నాకు తెలుసు. నేను ఉన్నన్నాళ్లు నీకు ఆ కష్టం వద్దు. నీ కూతురుకూ అమ్మమ్మ ఊరు ఉండాలి" అన్నది. అని పళ్లెములు తీసికొని పెరటిలోనికి పోయినది.

ఆమె ఆ యింటిని తనకొరకు పట్టుకొని యున్నదని అంతవరకు మేమనుకొనుచుంటిమి. ఆమె దానిని మాకొరకు పట్టుకొనియున్నది. తాను పోగొట్టుకొనినదానిని తన బిడ్డకు పోకుండ నిలుపుటకై, నొప్పులతో, కురియు కప్పుక్రింద, దీపము పెట్టుకొని కూర్చున్నది. మరునాటి ఉదయము నేను లేచునప్పటికి మా తమ్ముడు ఎవరినో అడిగి నిచ్చెన తెచ్చి, కప్పుమీదికెక్కి పెంకులు సరిచేయుచుండెను. నా కుమార్తె క్రిందనుండి ఒక్కొక్క పెంకు నందిచ్చుచుండెను. ఇల్లు కొనుటకు వచ్చిన మనిషి పదిగంటలకు వచ్చి, కప్పుమీది మనిషిని చూచి, టీ త్రాగి వెళ్లిపోయెను. ఈ వేసవిలో ఆ రెండు గదులకు కొత్త దూలములు వేయించితిమి. ప్రక్కవీథిలోనున్న మా పినతండ్రిగారి కోడలు రాత్రులు వచ్చి ఆమెకు తోడు పడుకొనుచున్నది.

ప్రియమైన విద్యార్థులారా, మీలో పలువురు వసతిగృహమునందుండి చదువుకొనుచున్నారు. సెలవులకు ఇంటికి పోవునప్పుడు మీకొరకు కనిపెట్టుకొని యున్నవారు మీ రాకకై ఎన్ని కష్టములకు ఓర్చుచున్నారో మీకు కనబడకపోవచ్చును. వారు చెప్పరు గనుక. ఆ యింటిని వారు నిలిపిన ఖర్చు ఏ లెక్కపుస్తకమునను ఉండదు. కావున ఈ సంవత్సరము మీరు పోయినప్పుడు మూడు పనులు చేయుడని కోరుచున్నాను. వారికి ఇష్టమైనదానిని, అది ఎంత చిన్నదైనను, చేతపట్టుకొని పొండు. దాని వాసనకు రైలులో ఎవరైన ముక్కు మూసికొనినను సిగ్గుపడకుడు. వారు పుట్టిన యూరిని గూర్చి, వారి తల్లిదండ్రుల పేర్లను గూర్చి అడిగి, ఒక పుస్తకములో వ్రాసికొనుడు. ఉప్పెనలో ఇల్లు పోవచ్చును గాని వ్రాసికొనిన పేరు పోదు. మా తాత పేరును, అమ్మమ్మ పేరును, ఇద్దరు మేనమామల పేర్లను నా పిల్లలు ఇప్పుడు మా కుటుంబ బైబిలు మొదటి పుటలో వ్రాసిరి. మూడవది, ఇంటి కప్పువంక ఒకసారి చూడుడు. కురియుచున్నచో నిచ్చెన ఎవరియొద్ద దొరకునో విచారింపుడు.

బడి తెరచు దినమునకు అందరును బడిలో నుండుడు. మేము కనిపెట్టుకొని యుందుము. ప్రభువు మీ రాకపోకలను కాచునుగాక.

— ఒక ఉపాధ్యాయిని